ఇంట్లో మొదటి బీరు: పాడుచేసి నేర్చుకున్న సంగతులు

నేను చేసిన మొదటి బీరు నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన కొట్టింది. ఆస్టిన్‌లో జులై నెల, కరెంటు బిల్లుకి భయపడి ఏసీ 78 ఫారెన్‌హీట్ (సుమారు 26 సెల్సియస్) మీద ఉంచేవాళ్లం, నేను ఆ బకెట్‌ని తీసుకెళ్లి బట్టల క్లోజెట్‌లో పెట్టి పైగా ఒక దుప్పటి కూడా కప్పాను. ఇడ్లీ పిండి పులవాలంటే వెచ్చగా ఉంచుతాం, చలికాలమైతే అవెన్‌లో లైటు వేసి మరీ పెడతాం, ఇదీ పులిసేదే కాబట్టి ఇదీ అంతే అనుకున్నాను. రెండు రోజులు బకెట్ గుడగుడలాడిపోయింది, నేను తెగ మురిసిపోయాను. నెల తర్వాత సీసా తెరిచి ఒక గుక్క తాగితే గొంతు మండింది, ఒక గ్లాసు పూర్తయ్యేసరికి తల పట్టేసింది. దాదాపు యాభై సీసాలు ఒక్కొక్కటే మూత తీసి సింకులో పోస్తుంటే మా ఆవిడ పక్కన నిలబడి ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది.

అందుకే ఎవరైనా కొత్తగా మొదలుపెడతాను, మంచి రెసిపీ చెప్పు అంటే నేను ఎదురు ప్రశ్న వేస్తాను: మీ ఇంట్లో 65 ఫారెన్‌హీట్ డిగ్రీల చుట్టూ, అంటే సుమారు 18 సెల్సియస్‌లో, పది రోజులపాటు ఉండే మూల ఎక్కడైనా ఉందా? ఉంటే సగం పని అయిపోయినట్టే. లేకపోతే ఎలా తెచ్చుకోవాలో కింద చెబుతాను, అదే ఈ రాతలో అన్నిటికన్నా ముఖ్యమైన ముక్క, మిగతాదంతా ఒకటి రెండుసార్లు చేస్తే చెయ్యి తిరుగుతుంది.

మొదలుపెట్టే ముందు చట్టం సంగతి. అమెరికాలో 1978 అక్టోబరులో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టంతో ఇంట్లో తాగడానికి బీరు చేసుకోవడం మీద ఫెడరల్ పన్ను పోయింది, అది 1979 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. పెద్దవాళ్లు ఒక్కరే ఉన్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా ఎక్కువమంది ఉంటే 200 గ్యాలన్లు. ఒక్క సీసా కూడా అమ్మకూడదు. రాష్ట్రాల చట్టాలు వాటికవే వేరు, అలబామా, మిసిసిపీ అయితే 2013 దాకా ఒప్పుకోలేదు. బ్రిటన్‌లో 1963 నుంచి లైసెన్సు అక్కర్లేదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని ఇది చదువుతున్నవాళ్లు మాత్రం చదివి ఊరుకోండి, అక్కడ ఎక్సైజ్ లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారుచేస్తే నేరం, బీరైనా అంతే.

ఇంకో మాట. బీరు చేస్తున్నానని ఇంటికి ఫోన్ చేసి చెబితే "ఇంట్లో కాచింది తాగితే కళ్లు పోతాయట రా" అంటారు. బీరు కాచడం వేరు, సారా కాయడం వేరు. బార్లీని ఈస్ట్‌తో పులియబెడితే మెథనాల్ లెక్కలోకి రానంత తక్కువ పుడుతుంది, కల్తీ సారా తాగి జనం చనిపోయే కేసుల్లో సాధారణంగా జరిగేది పరిశ్రమల్లో వాడే మెథనాల్ కలపడం. బట్టీ పెట్టి ఆవిరి పట్టే పని అమెరికాలో కూడా లైసెన్సు లేకుండా నేరం, నిప్పు ప్రమాదం కూడా ఉంది, దాని జోలికి వెళ్లకండి.

ఏం కొనాలి, ఏం కొనకూడదు

బార్లీని నానబెట్టి మొలక రానిచ్చి ఎండబెడితే అది మాల్ట్. రాగి మాల్ట్ తాగి పెరిగినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఆ మాల్ట్‌ని వేడి నీళ్లలో నానబెట్టి తీపి దించుకోవడం ఒక పద్ధతి, దాన్ని ఆల్ గ్రెయిన్ అంటారు. ఎవరో దించి చిక్కగా చేసిన మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ కొనుక్కుని నీళ్లలో కలుపుకోవడం రెండో పద్ధతి. మొదటి మూడు నాలుగు సార్లు ఎక్స్‌ట్రాక్ట్‌తోనే చేయండి. అది మోసం, అసలు బీరు కాదు అని చెప్పేవాళ్లు దొరుకుతారు, వాళ్లకి ఒక గ్లాసు పోసి ఏ పద్ధతో చెప్పకుండా తాగించండి.

సామాను పెద్దగా ఏమీ అక్కర్లేదు. ఆరున్నర గ్యాలన్ల ఫుడ్ గ్రేడ్ ప్లాస్టిక్ బకెట్, మూతకి కన్నం ఉండాలి, ఆ కన్నంలో పెట్టే ఎయిర్‌లాక్, అంటే లోపలి గ్యాస్‌ని బయటికి వదిలి బయటి గాలిని లోపలికి రానివ్వని చిన్న నీళ్ల గొట్టం. అడుగున కుళాయి ఉన్న ఇంకో బకెట్, సీసాల్లో నింపేటప్పటికి. నాలుగైదు గ్యాలన్లు పట్టే స్టీలు గిన్నె. ఒక బకెట్‌లోంచి ఇంకోదాంట్లోకి బీరు దించే ఆటో సైఫన్, సన్నటి గొట్టం, సీసాలు నింపే పుల్ల, మూతలు నొక్కే క్యాపర్, నీళ్లకన్నా ఎంత చిక్కగా ఉందో చూపించే హైడ్రోమీటర్, ఒక మంచి థర్మామీటర్. మామూలు కిట్లలో గిన్నె తప్ప ఇవన్నీ దాదాపు ఉంటాయి. బకెట్ బదులు వాడే పెద్ద గాజు సీసా, కార్బాయ్ అంటారు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కొనకండి. నిండా ఉంటే ఇరవై కిలోలు దాటుతుంది, తడి చేతుల్లోంచి జారి పగిలితే కుట్లు పడతాయి, అలాంటి ఫొటోలు ఒకసారి చూస్తే మళ్లీ ముట్టుకోరు. కాచినదాన్ని తొందరగా చల్లార్చే రాగి కాయిల్ చిల్లర్ తర్వాత కొనొచ్చు. ముందు డబ్బు పెట్టాల్సింది బీరుని చల్లగా ఉంచే ఏర్పాటు మీద, ఆ తర్వాతే మెరిసే గిన్నెల మీద.

మొదటి బ్యాచ్‌కి అమెరికన్ పేల్ ఏల్ అనే రకం బీరు చేయండి. ఐదు గ్యాలన్లకి, అంటే 19 లీటర్లకి, లైట్ లిక్విడ్ మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 3.3 పౌండ్ల డబ్బాలు రెండు, క్రిస్టల్ 40 మాల్ట్ ఒక పౌండు షాపులోనే మర పట్టించింది, బీరుకి చేదు, వాసన ఇచ్చే హాప్స్ అనే పువ్వుల్లో కాస్కేడ్ రకం మూడు ఔన్సులు, యూఎస్-05 డ్రై ఈస్ట్ ఒక ప్యాకెట్. లాగర్ మొదట్లో వద్దు. మనం చిన్నప్పటి నుంచి చూసిన పసుపుపచ్చ బీరు లాగరే, అందుకే అందరూ దాంతోనే మొదలుపెడతామంటారు, కానీ దానికి 50 డిగ్రీల చుట్టూ వారాల తరబడి చల్లదనం కావాలి, పైగా రుచి అంత పల్చగా ఉండేసరికి ఎక్కడ చిన్న తప్పు చేసినా నాలుక మీద తెలిసిపోతుంది.

కడగడం ఒకటి, శానిటైజ్ చేయడం ఇంకొకటి

ఆవకాయ పెట్టే రోజు మా అమ్మ జాడీని ముందురోజే కడిగి ఎండలో బోర్లించేది, తడి చెయ్యి పెడితే చేతి మీద ఒక్కటిచ్చేది. ఆ శ్రద్ధ ఇక్కడ కావాలి, కాకపోతే ఇక్కడ తడి ఉన్నా ఫర్వాలేదు, ఆ తడి శానిటైజర్ తడి అయి ఉండాలి.

కడగడం అంటే కంటికి కనిపించే మడ్డి, జిగురు, పాత ఈస్ట్ ఎండిన మరక పోవడం. దానికి పీబీడబ్ల్యూ లాంటి పొడి గానీ, వాసన లేని ఆక్సీక్లీన్ గానీ వేడి నీళ్లలో కలిపి నానబెట్టండి, స్టీలు పీచు మాత్రం ప్లాస్టిక్ మీద వాడకండి, గీతలు పడితే క్రిములు అందులోనే కాపురం పెడతాయి. ఆ తర్వాత శానిటైజ్ చేయడం. స్టార్ శాన్ అనే యాసిడ్ శానిటైజర్ ఐదు గ్యాలన్ల నీళ్లకి ఒక ఔన్సు, ఒకటి రెండు నిమిషాలు తడిగా ఉంటే చాలు, మళ్లీ నీళ్లతో కడగొద్దు. నురగ విపరీతంగా వస్తుంది, బకెట్ అడుగున ఒక గుప్పెడు నురగ మిగిలినా బీరుకి ఏమీ కాదు. నేను మొదట్లో ఆ నురగకి భయపడి కుళాయి నీళ్లతో కడిగేవాణ్ని, అంటే చేసిందంతా చెడగొట్టుకోవడం అన్నమాట. ఇప్పుడు ఒక స్ప్రే సీసాలో పోసుకుని చేతులు, కత్తెర, ఈస్ట్ ప్యాకెట్ అంచు అన్నిటి మీదా కొట్టుకుంటాను.

బ్లీచ్ వాడకండి. సరిగ్గా కడగకపోతే బీరులో బ్యాండ్ ఎయిడ్ వాసన వస్తుంది, పైగా దాన్ని పొరపాటున యాసిడ్ శానిటైజర్‌తో కలిపితే విష వాయువు పుడుతుంది. 

ఎప్పుడు ఎంత జాగ్రత్త అంటే, మరిగే ముందు తాకేవాటికి మామూలుగా కడిగితే చాలు, మరుగుతూ అన్నీ చచ్చిపోతాయి. చల్లారిన క్షణం నుంచి మాత్రం ఏది తగిలినా శానిటైజ్ అయి ఉండాలి. ఆ రోజు అదే కౌంటర్ మీద పెరుగు తోడు పెట్టడం, ఇడ్లీ పిండి రుబ్బడం పెట్టుకోకండి. వాటిని పులిపించే బాక్టీరియా అక్కడ మంచిదే, ఇక్కడ బీరుని పులుపెక్కించి పాడుచేస్తుంది. మా ఇంట్లో దీని మీద ఒక ఒప్పందం ఉంది, శనివారం వంటిల్లు నాది, ఆదివారం గ్రైండర్‌ది.

కాచే రోజు

నీళ్ల గురించి ఒక్క ముక్క: ఇక్కడ చాలా ఊళ్లలో కుళాయి నీళ్లలో క్లోరిన్ బదులు క్లోరమిన్ కలుపుతారు, మరిగించినంత మాత్రాన అది తొందరగా పోదు, ఆ బ్యాండ్ ఎయిడ్ వాసనకి అదీ ఒక కారణం. క్యాంప్డెన్ అనే సల్ఫైట్ మాత్ర పావు ముక్క నలిపి ఐదు గ్యాలన్లలో కలిపితే నిమిషాల్లో పని అయిపోతుంది. లేదంటే స్టోర్‌లో క్యాన్ నీళ్లు కొనేయండి.

చాలామంది స్టవ్ మీద ఐదు గ్యాలన్లు మరగవు, మా కాయిల్ స్టవ్ మీద అసలే మరగలేదు. మూడు గ్యాలన్లు పెట్టి తర్వాత చల్లటి నీళ్లు కలుపుకుందాం, ఆ రెండు గ్యాలన్లు ముందురోజే మరిగించి మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. నీళ్లు 155 ఫారెన్‌హీట్, అంటే 68 సెల్సియస్ దగ్గరికి రాగానే క్రిస్టల్ మాల్ట్‌ని పల్చటి బట్ట సంచిలో కట్టి అరగంట నానబెట్టండి. టీ బ్యాగ్ లాగే. అయిపోయాక సంచి పైకెత్తి దానంతటది కారనివ్వండి, గట్టిగా పిండే పని పెట్టుకోకండి, 170 దాటిన వేడిలో ఉంచినా పొట్టులోంచి వగరు దిగుతుంది.

ఇప్పుడు మంట ఆపండి. నిజంగా ఆపండి. ఎక్స్‌ట్రాక్ట్ బెల్లం పాకంలా బరువు, పోయగానే సూటిగా అడుక్కి పోయి కూర్చుంటుంది, కింద మంట ఉంటే మాడిపోతుంది, ఆ మాడు వాసన ఇక ఏం చేసినా పోదు. ఒక డబ్బా ఇప్పుడు, రెండోది చివరి పదిహేను నిమిషాల్లో, అలా చేస్తే రంగు మరీ ముదరదు. బాగా కలిపి అడుగు గరిటెతో తడిమి చూసి అప్పుడు మళ్లీ వెలిగించండి. ఈ తియ్యటి నీళ్లనే వర్ట్ అంటారు.

మరుగు పట్టే సమయానికి అక్కడి నుంచి కదలకండి. పాలు పొంగినట్టే పొంగుతుంది, అందులోనూ మనం ఫోన్ చూసుకునే ఆ అర నిమిషంలోనే. పాలు పొంగితే శుభం అనుకుంటాం, ఇది పొంగితే స్టవ్ కాయిల్ మీద పాకం అంటుకుని రెండు గంటలు గోకాలి. పక్కన చల్లటి నీళ్ల స్ప్రే పెట్టుకోండి, నురగ లేచినప్పుడు కొడితే కూర్చుంటుంది. ఒకసారి ఆ మొదటి నురగ అణిగితే ఆ తర్వాత నిదానంగా మరుగుతుంది.

అక్కడి నుంచి గంట లెక్క. మొదట్లోనే ఒక ఔన్సు హాప్స్, ఇది చేదు కోసం, ఎంతసేపు మరిగితే అంత చేదు దిగుతుంది. ఇంకా పదిహేను నిమిషాలు ఉందనగా రెండో ఔన్సు, అది రుచికి. మంట ఆపే ముందు మూడోది, వాసనకి. తాలింపు ఇంగువ చివర్లో వేస్తే ఇల్లంతా ఎలా తెలుస్తుందో అదే లెక్క, సువాసన నూనెలు ఆవిరితో పోకముందే మంట ఆపేయాలి. గిన్నె మీద మూత పెట్టకండి, కొన్ని వాసనలు ఆవిరితో బయటికి పోవాలి, మూత పెడితే ఉడికించిన మొక్కజొన్న వాసన మిగిలిపోతుంది. ఇంట్లో కుక్క ఉంటే వాడేసిన హాప్స్ చెత్తబుట్టలో పైపైన పడేయకండి, కుక్కలకి అవి విషం, ప్రాణం మీదికి రావచ్చు.

తర్వాత చల్లార్చడం, తొందరగా. సింకులో ఐసు నీళ్లు పోసి గిన్నె అందులో దించి, శానిటైజ్ చేసిన గరిటెతో మెల్లగా తిప్పుతూ ఉంటే మూడు గ్యాలన్లు అరగంట ముప్పావు గంటలో గోరువెచ్చన అవుతాయి. బకెట్‌లో పోసి, ఫ్రిజ్‌లోని చల్లటి నీళ్లతో ఐదు గ్యాలన్ల గీత దాకా నింపండి. పోసేటప్పుడు పైనుంచి ధారగా, టీ తిరగబోసినట్టు పోస్తే గాలి కలుస్తుంది, ఈస్ట్‌కి ఈ ఒక్క పూటే గాలి కావాలి. ఈ రోజు తర్వాత బీరుకి గాలి తగలడమే ముప్పు.

హైడ్రోమీటర్ ముంచి చూడండి, ఈ రెసిపీకి 1.050 దగ్గర రావాలి. 1.035 అనో 1.070 అనో చూపిస్తే కంగారు పడకండి, చిక్కటి వర్ట్, పైన పోసిన నీళ్లు సరిగ్గా కలవలేదు, అంతే. ఎక్స్‌ట్రాక్ట్ తూకం, నీళ్ల కొలత సరిగ్గా ఉంటే లెక్క తప్పే అవకాశం దాదాపు లేదు. నేను రెండో బ్యాచ్‌లో ఈ అంకె చూసి టెన్షన్ పడి పంచదార కలిపేశాను, అదో కథ.

అసలు సంగతి: చల్లదనం

వర్ట్ 65 డిగ్రీలకి వచ్చాకే ఈస్ట్ వేయాలి. తోడు పెట్టేటప్పుడు పాలు కాగుతుండగా వేస్తే విరిగినట్టవుతుందని మనకి తెలుసు, ఇక్కడ ఇంకా ఒక మెట్టు దిగాలి, గోరువెచ్చన కూడా ఎక్కువే. థర్మామీటర్ చూసి, ప్యాకెట్ చింపి పైన చల్లేయండి. కలపక్కర్లేదు. మూత బిగించి ఎయిర్‌లాక్‌లో శానిటైజర్ నీళ్లు పోయండి.

ఇక్కడే నా మొదటి బ్యాచ్ చచ్చింది. ఈస్ట్ తీపిని తింటూ తనంతట తను వేడి పుట్టిస్తుంది, గది 78 ఉంటే బకెట్ లోపల 85 దాటొచ్చు. ఆ వేడిలో ఈస్ట్ ఆవేశంగా పనిచేసి ఫ్యూజల్ ఆల్కహాల్స్ అనే ఘాటైన రకాలు తయారుచేస్తుంది, సాల్వెంట్ వాసన, గొంతు మంట వాటివల్లే. ఒకసారి పుట్టాక ఎన్ని నెలలు నిల్వ ఉంచినా అవి పూర్తిగా పోవు. కరీంనగర్ నుంచి వచ్చిన మా ఫ్రెండ్ దీన్ని ఒక్క మాటలో తేల్చేశాడు: "పొద్దున దించిన కల్లు మధ్యాహ్నం ఎండకి ఏమైతదో తెల్వదా?" తెలుసు, కానీ బకెట్ మీద దుప్పటి కప్పేటప్పుడు గుర్తురాలేదు.

ఫ్రిజ్, కంట్రోలర్ అక్కర్లేకుండా నేను చేసేది ఇది. ఒక పెద్ద ప్లాస్టిక్ టబ్‌లో బకెట్ నిలబెట్టి చుట్టూ సగం ఎత్తు దాకా నీళ్లు పోస్తాను. బకెట్‌కి పాత కాటన్ టీ షర్టు తొడుగుతాను, దాని అంచులు నీళ్లలో మునిగి ఉంటే తడి పైకి పాకుతూ ఉంటుంది, పక్కన చిన్న ఫ్యాను. కూజాలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో ఇదీ అందుకే చల్లబడుతుంది. దాని మీద, నీళ్లు నింపి ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన సీసాలు ఉదయం రెండు, రాత్రి రెండు టబ్‌లో వేసి, కరిగినవి మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టాలి. బకెట్‌కి స్టిక్కర్ థర్మామీటర్ అంటించి గది సంగతి వదిలేసి దాన్నే చూడండి. 64 నుంచి 68 మధ్య ఉండాలి. మొదటి నాలుగు రోజులు ఈ చాకిరీ తప్పదు, రుచి అంతా తేలిపోయేది ఆ నాలుగు రోజుల్లోనే. ఐదో రోజు నుంచి ఐసు ఆపేసి దానంతటది 70 దాకా వెచ్చబడనివ్వండి, అప్పుడు ఈస్ట్ తను వదిలిన వెన్న వాసనని తనే తినేస్తుంది.

ఇదంతా కుదరదు, ఎండాకాలం, ఇంట్లో చిన్నపిల్లలు, టబ్ పెట్టే చోటే లేదు అంటారా, అయితే క్వైక్ ఈస్ట్ తెచ్చుకోండి. నార్వే పల్లెల్లో తరతరాలుగా దాచుకుంటూ వచ్చిన ఈస్ట్ ఇది, వాస్ అనే రకం 90 డిగ్రీల్లో కూడా సాల్వెంట్ వాసన లేకుండా, కాస్త నారింజ తొక్క లాంటి పరిమళంతో మూడు నాలుగు రోజుల్లో పని ముగిస్తుంది. నా మొదటి జులైకి ఇది తెలిసి ఉంటే సింకు దగ్గర నిలబడే పని ఉండేది కాదు.

ముట్టుకోకుండా ఉండటం

పన్నెండు గంటల నుంచి ఒక రోజులోపు బుడగలు మొదలవుతాయి, ఒక్కోసారి రెండు రోజులూ పడుతుంది. మూత తీసి చూడాలనిపిస్తుంది. తీయకండి. లోపల గోధుమరంగు మురికి నురగ, ఆకుపచ్చ మరకలు, చూడ్డానికి కంపరంగా ఉంటుంది, అది పాడవడం కాదు, క్రౌసెన్ అంటారు, అలాగే ఉండాలి. అది మరీ ఉబ్బి ఎయిర్‌లాక్‌లోకి ఎక్కితే కన్నం మూసుకుపోయి మూత ఎగిరిపోతుంది, మా క్లోజెట్ సీలింగ్ మీద ఇంకా ఒక హాప్స్ మరక ఉంది, డిపాజిట్‌లో కోసేస్తారు. ఎయిర్‌లాక్ తీసి లావు గొట్టం పెట్టి రెండో కొసని శానిటైజర్ నీళ్ల జగ్గులో ముంచితే గొడవ ఉండదు.

బుడగలు ఆగాయంటే అయిపోయినట్టు కాదు, మూత సరిగ్గా పట్టకపోయినా ఆగుతాయి. రెండు వారాలు వదిలేసి హైడ్రోమీటర్‌తో చూడండి, రెండు మూడు రోజులు ఆగి మళ్లీ చూడండి, రెండుసార్లూ ఒకే అంకె వస్తేనే పూర్తయింది. ఈ బీరుకి 1.010 నుంచి 1.014 మధ్య ఆగుతుంది. మొదటి అంకెలోంచి చివరి అంకె తీసేసి 131.25తో గుణిస్తే ఆల్కహాల్ శాతం: 1.050, 1.012 అయితే తేడా 0.038, అంటే సుమారు 5 శాతం. చూసిన శాంపిల్ మళ్లీ బకెట్‌లో పోయకండి, తాగేయండి. గ్యాస్ లేని వెచ్చటి బీరు కాబట్టి అద్భుతంగా ఏమీ ఉండదు, ఏ తప్పు జరిగిందో మాత్రం తెలిసిపోతుంది.

సీసాలు

తిప్పితే ఊడే మూతల సీసాలు పనికిరావు, ఓపెనర్‌తో తీసే గోధుమరంగు సీసాలే దాచుకోండి. ఆకుపచ్చవి, తెల్లవి వెలుతురుని లోపలికి రానిస్తాయి, హాప్స్ మీద వెలుగు పడితే స్కంక్ అనే జంతువు వదిలే కంపు. 12 ఔన్సుల సీసాలు దాదాపు యాభై కావాలి.

సీసాలో గ్యాస్ ఎక్కడానికి కొంచెం చక్కెర వేయాలి, మిగిలిన ఈస్ట్ దాన్ని తిని గ్యాస్ వదులుతుంది. ఐదు గ్యాలన్లకి కార్న్ షుగర్ 120 గ్రాములు, మామూలు పంచదారైతే 110. చెంచాలతో కొలవకండి, తూకం వేయండి. రెండు కప్పుల నీళ్లలో మరిగించి, చల్లార్చి, కుళాయి బకెట్ అడుగున పోసి, దాని మీదికి సైఫన్‌తో బీరు దించండి, గొట్టం కొస అడుగున ఉంటే చప్పుడు లేకుండా తిరుగుతూ కలుస్తుంది. పైనుంచి దబదబ పడితే గాలి కలిసి నెలలో తడిసిన అట్టపెట్టె రుచి వస్తుంది. అడుగు మడ్డి సైఫన్‌లోకి రాకుండా చూసుకోండి, చివరి అర లీటరు మీద ఆశ వదిలేయండి.

పులవడం పూర్తి కాకుండా నింపితే, లేదా చక్కెర ఎక్కువైతే, సీసాలు పేలతాయి. మా ఫ్రెండ్ గ్యారేజీలో ఒక రాత్రి మూడు పేలాయి, గోడకి గాజు ముక్కలు గుచ్చుకున్నాయి, అక్కడ మనిషి లేడు కాబట్టి సరిపోయింది. నింపిన పెట్టెల్ని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. ఒక చిన్న ప్లాస్టిక్ సోడా సీసా కూడా శానిటైజ్ చేసి వాటితోపాటే నింపండి, రోజూ దాన్ని నొక్కి చూస్తే గ్యాస్ ఎంత ఎక్కిందో తెలుస్తుంది. మొదట మెత్తగా, రెండు వారాలకి రాయిలా. అన్నీ 70 డిగ్రీల్లో ఉంచాలి, తొందరపడి ఫ్రిజ్‌లో పెడితే ఈస్ట్ నిద్రపోతుంది, గ్యాస్ ఎక్కదు.

రెండు మూడు వారాల తర్వాత ఒకటి తీసి, రెండు రోజులు ఫ్రిజ్‌లో నిలబెట్టి, అప్పుడు తెరవండి. చారు తేట వంచుకున్నట్టు ఒకే ధారగా గ్లాసులోకి పోసి అడుగున అర అంగుళం వదిలేయండి, ఆ మడ్డి తాగితే ఏమీ కాదు గానీ కడుపు ఉబ్బరం.

పచ్చి ఆపిల్ రుచి వస్తే తొందరపడ్డారు, మిగతావి ఇంకో రెండు వారాలు ఆపండి. వెన్న వాసన వస్తే చివర్లో వెచ్చబడనివ్వలేదు. పుల్లగా, పైన తెల్లటి పొరతో ఉంటే శుభ్రం దగ్గర ఎక్కడో తప్పింది, బకెట్ కుళాయి విప్పి లోపల చూడండి, చాలావరకు దొంగ అక్కడే ఉంటాడు. ఘాటు అయితే పైన చెప్పాను. ఏది వచ్చినా రెసిపీ మాత్రం మార్చకండి. రెండోసారీ మూడోసారీ ఇదే పేల్ ఏల్ చేయండి, తారీఖు, డిగ్రీలు, అంకెలు ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. మామిడిపండు, యాలకులు, తాటిబెల్లం వేస్తానని మొదటిసారే దిగినవాళ్లు నాకు నలుగురైదుగురు తెలుసు, బీరు బాగా రాకపోతే తప్పు యాలకులదా ఈస్ట్‌దా అన్నది వాళ్లకి ఇప్పటికీ తెలియదు.

సీసా ఖాళీ అవగానే మూడుసార్లు నీళ్లు పోసి గిలక్కొట్టి బోర్లించేయండి. పొద్దున కడుగుదాంలే అని వదిలేస్తే అడుగున ఈస్ట్ సున్నంలా ఎండిపోతుంది, ఆ తర్వాత ఒక్కో సీసాకి బ్రష్ పట్టుకుని కూర్చోవాలి, యాభై సీసాలకి.